తువ్వాలు కింద వేళ్ళు

నల్లబల్ల మీద వసుమతి మేడమ్
ఐదు పెట్టెలు గీసింది.
రైతు, దళారి, టోకు, చిల్లర, తినేవాడు.
పెట్టెకూ పెట్టెకూ నడుమ బాణాలు,
బాణాల నెత్తిన శాతాలు.
తర్వాత డస్టర్ తీసుకుని
రెండో పెట్టె తుడిచేసింది.
"చూశారా, గొలుసు ఎంత పొట్టిదైందో!"
క్లాసంతా రాసుకుంది.
నేనూ రాసుకున్నాను.

ఆ పెట్టె మా నాయన.

జీకేవీకే గేటు ముందు ఒక బస్సు,
హెబ్బాళలో దిగి ఇంకో బస్సు,
యశవంతపుర యార్డు ఇంకా కనబడకముందే
పళ్ళు పులుస్తాయి.
మూడో వరసలో మండీ, గోనెల నిండా చింతపండు.
వాటి మీద కూచుని
హిందూపురం తెలుగుకు కన్నడం తొడిగి
ఫోన్లో అరుస్తుంటాడాయన.

నాకు అంకెలు పలక మీద రాలేదు.
బేరగాడి చేతి మీద తువ్వాలు కప్పి
లోపల ఏం జరుగుతుందో
ఇంటికొచ్చి నా చేతిలో చూపించేవాడు.
ఒక వేలు పట్టుకుంటే వెయ్యి,
పిడికిలి పట్టుకుంటే ఐదు,
అరచేతిలో గోటితో గీరితే అర.
నాకు చక్కిలిగిలి పుట్టేది.
"నవ్వితే రేటు తెలిసిపోతాది పాపా" అనేవాడు.

ఇప్పుడు దీనికి మూడు క్రెడిట్ల పేపరుంది.
ధరను కనుక్కోవడం అంటారట,
పాపం, ధర సంతలో తప్పిపోయినట్టు.

మా నాయన మంచివాడని చెప్పబోవడం లేదు.
ఎర్ర అట్ట పుస్తకం చదివినదాన్ని నేను.
జూన్‌లో కదిరెప్ప మోటారు కాలింది, పన్నెండు వేలు.
మార్చిలో కదిరెప్ప చెట్ల కాయ
ఇంకొకరి కాటా ఎక్కడానికి లేదు.
బస్తాకు కిలో, మట్టి కింద తరుగు.
ఆ కిలోలో మట్టి అరకిలో,
మిగతా అరకిలో
నా హాస్టల్ ఫీజు.

అసైన్‌మెంటు చార్టు ఇంటికి తెచ్చిన ఆదివారం
కళ్ళద్దాలు వెతుక్కుని మరీ చూశాడు.
"ఇందులో నేను యాడుండా?"
చూపించాను, తెల్లగా ఉన్న చోటు.
చాలాసేపు చింతగింజ నములుతూ కూచున్నాడు.
కోపగించుకుంటాడనుకున్నాను.
"తీసేస్తే తీసేసినావు గానీ,
జూన్‌లో మోటారు కాలితే
కదిరెప్ప ఎవురి గడప తొక్కల్లో
ఆ బాణం గీసినావా?"

గీయలేదు.
ఆ బాణం మేడమ్ కూడా గీయలేదు.
పరీక్షలో నాలుగో ప్రశ్నకు
పెట్టె చుట్టూ చుక్కల గీత వేశాను,
ఉన్నట్టూ లేనట్టూ.
పదికి ఆరు.
పక్కన ఎర్రసిరాతో "స్పష్టత లేదు."
నిజమే.

నిన్న హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో ఇంటర్వ్యూ.
అద్దాల గది, చల్లటి గాలి,
గోడ మీద పచ్చటి అక్షరాలు:
నడుమ ఎవరూ లేరు.
రైతు నుంచి నేరుగా వంటింటికి, అన్నాడు
నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు.
"మరి మీకేం మిగులుతుంది?" అడిగాను.
"ఎనిమిది శాతం. ప్లాట్‌ఫామ్ ఫీజు."
"విత్తనాలకు అప్పిస్తారా?"
"ఇస్తాం, పంట మా యాప్‌లోనే అమ్మితే."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
నవ్వితే రేటు తెలిసిపోతుంది కదా.

ఉద్యోగం నీదేనన్నాడు. జీతం చెప్పాడు.
లేచి చెయ్యి చాపాడు.
ఆ కరచాలనంలో
తువ్వాలు లేదు, కాటా లేదు,
గోనె పీచు వాసన లేదు.
నా చూపుడువేలు మాత్రం దానంతటది కదిలి
అతని అరచేతిలో చిన్నగా గీరింది.

ఇంకో అర.

అతనికి అర్థం కాలేదు.
ఎందుకో చెయ్యి వెనక్కి లాక్కుని
ఒకసారి చూసుకున్నాడు.